పింఛన్ పైసలకు కాపలా ఎవరు?

మోతె మండల లబ్ధిదారుల కోసం. ఫోన్‌లో చదువుకోండి, చదవడం రానివారికి చదివి వినిపించండి.

గ్రామసభలకు వచ్చినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "సారూ, నా పింఛన్ పైసలు భద్రమేనా?" దానికి జవాబు చెప్పేముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. "ఏ పింఛన్ అమ్మా?"

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ప్రతి నెలా పోస్టాఫీసులో తీసుకునేదీ పింఛనే. బ్యాంకువాళ్లు ఖాతాలో నుంచి కట్ చేసేదీ పింఛనే. మిల్లులో జీతం నుంచి పట్టుకునేదాన్నీ పింఛన్ అంటారు, ఊర్లోకి బండి మీద వచ్చి రసీదు పుస్తకం తీసేవాడు చెప్పేదీ "పింఛన్ స్కీమే". పేరు ఒకటే, కానీ వాటికి కాపలా వేరు వేరు. కొన్నింటికి అసలు కాపలాయే లేదు. ఏది ఏదో తెలియకపోతే, కష్టం వచ్చినప్పుడు ఎవరి తలుపు కొట్టాలో తెలియదు. అందుకే ఈ కాగితం.

ప్రభుత్వం ఇచ్చే పింఛన్

ముందు చేయూత సంగతి. ఇదివరకు ఆసరా అనేవాళ్లు. 2014 నవంబరులో మొదలైనప్పుడు వృద్ధులకు, వితంతువులకు నెలకు 1,000 రూపాయలు ఉండేది. 2019 జూన్ నుంచి 2,016 అయింది. దివ్యాంగులకు 2023 జూలై నుంచి 4,016. గీత కార్మికులు, చేనేత కార్మికులు, బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, డయాలసిస్ రోగులు కూడా ఇందులో ఉన్నారు. ఊర్లలో దీన్ని నడిపేది గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉన్న సెర్ప్, పైసలు చేతికి ఇచ్చేది పోస్టాఫీసు.

దీనికి మీరు ఒక్క రూపాయి కూడా కట్టలేదు. కాబట్టి మీ పేరు మీద ఎక్కడో మూట కట్టి దాచిన సొమ్మేమీ ఉండదు. ఏటా బడ్జెట్‌లో పెట్టి ఇస్తారు. 60 ఏళ్లు దాటిన పేద వృద్ధుల పింఛన్‌లో కేంద్రం వాటా కూడా కొంత ఉంటుంది: 79 ఏళ్ల దాకా నెలకు 200 రూపాయలు, 80 నిండితే 500. మిగతాది రాష్ట్రానిది. ఇక్కడ మీకు రక్షణ అంటే జాబితాలో మీ పేరు ఉండటం, మీ పైసలు మీ చేతికే రావడం. ఆ రెండూ చూసుకోవాలి.

వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే పింఛన్ ఆగిపోతుంది. కూతురింటికి హైదరాబాద్ పోయి నాలుగు నెలలుండి వచ్చేసరికి పేరు నిలిచిపోయిందని బాధపడే అవ్వలు చాలామంది ఉన్నారు. వెళ్లేముందు పంచాయతీ కార్యదర్శికి ఒక మాట చెప్పండి, నడుమ ఒక్కసారన్నా వచ్చి తీసుకోండి. వేలిముద్ర పడటం లేదా? నాట్లేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు మిషన్‌కు దొరకవు. అది మీ తప్పు కాదు. 2025లో పోస్టాఫీసుల్లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా తెచ్చారు. "వేలు పడలేదు, వచ్చే నెల రా" అంటే ఊరికే తిరిగి రావద్దు. ముఖం ఫొటోతో చూడమనండి. అదీ కాకపోతే కార్యదర్శిని పిలవండి.

ఇంకొకటి, చిన్నదే గానీ చెప్పాలి. 2,016 అంటే 2,016. చిల్లర లేదని 16 రూపాయలు పట్టుకునే హక్కు ఇచ్చేవారికి ఎవరికీ లేదు. నెలకు 16 అంటే ఏడాదికి 192 రూపాయలు. ఊరంతా కలిపి లెక్క వేసుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మీ జేబులో చిల్లర ఉంటే నాలుగు రూపాయలు ఇచ్చి, ఇరవై అడగండి.

కొత్త పింఛన్ మంజూరుకు ఎవరికీ ఫీజు లేదు. "నాకు ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు, ఐదు వేలు ఇస్తే చేయిస్తా" అన్నవారి మాట వినొద్దు. ఉద్యోగి లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ టోల్ ఫ్రీ నంబరు 1064. పింఛన్ తీసుకుంటున్న భర్త చనిపోతే, మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని భార్య వెంటనే పంచాయతీ కార్యదర్శిని కలవాలి. చనిపోయినాయన పింఛన్‌ను దాచిపెట్టి తీసుకోవడం తప్పు, తర్వాత రికవరీ పెడతారు. దానికన్నా వితంతు పింఛన్‌కు దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

పింఛన్ పెరిగిందనీ, తగ్గిందనీ, ఫలానా లింకు నొక్కితే వస్తుందనీ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను పట్టించుకోకండి. పెరిగితే ఉత్తర్వు వస్తుంది. అది పంచాయతీలో ఉంటుంది.

మీరు కట్టే పింఛన్

ఇది వేరే దారి. ఇప్పుడు సంపాదించే రోజుల్లో కొంచెం కొంచెం కట్టి, 60 ఏళ్ల తర్వాత నెలనెలా తీసుకునేది. మన ఊర్లలో ఎక్కువమందికి ఉన్నది అటల్ పెన్షన్ యోజన. 2015 జూన్ నుంచి నడుస్తోంది. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లు చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబరు నుంచి కొత్తగా ప్రవేశం లేదు. నెలకు 1,000 నుంచి 5,000 దాకా ఎంత పింఛన్ కావాలో మీరే ఎంచుకుంటారు. దాన్నిబట్టి, వయసును బట్టి కట్టే సొమ్ము ఉంటుంది.

25 ఏళ్ల కోడలు 5,000 పింఛన్ ఎంచుకుంటే నెలకు 376 రూపాయలు కట్టాలి. 30 ఏళ్లకు చేరితే అదే పింఛన్‌కు 577. 40 ఏళ్ల దాకా ఆగితే 1,454. ఆలస్యం చేసినకొద్దీ ఎంత బరువవుతుందో చూడండి. 60 నిండాక ఆమె బతికినన్నాళ్లు నెలకు 5,000. ఆమె తర్వాత భర్తకు అదే 5,000. ఇద్దరి తర్వాత నామినీగా రాసినవారికి 8 లక్షల 50 వేలు. వెయ్యి రూపాయల పింఛన్ అయితే నామినీకి లక్షా 70 వేలు. ఈ కనీస పింఛన్‌కు కేంద్ర ప్రభుత్వం హామీ ఉంది.

నా అభిప్రాయం అడిగితే, 1,000 రూపాయల పింఛన్ ఎంచుకుని నిశ్చింతగా కూర్చోకండి. ముప్పై ఏళ్ల తర్వాత వెయ్యికి ఏం వస్తుందో మీకు తెలుసు, ముప్పై ఏళ్ల కింద వెయ్యికి ఏం వచ్చేదో మీ అమ్మానాన్నలను అడగండి. కట్టగలిగితే పెద్దదే ఎంచుకోండి. మధ్యలో పెంచుకునే వీలు కూడా ఉంది, ఏడాదికి ఒకసారి బ్యాంకులో అడగవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు కట్టే 376 రూపాయలు ఎవరి చేతిలో ఉంటాయి?

ఐకేపీ కేంద్రంలో వడ్లు అమ్మిన అనుభవం మీకుంది కదా. తూకం వేసేది ఒకరు. లారీ తీసుకుపోయేది ఇంకొకరు, ట్రక్‌షీట్ రాసుకుని. వడ్లు దింపుకునేది మిల్లు. పైసలు మీ ఖాతాలో వేసేది పౌరసరఫరాల సంస్థ. ఇంతమంది ఎందుకు? ఒక్కడే తూచి, ఒక్కడే మోసి, ఒక్కడే లెక్క రాసి, ఒక్కడే పైసలిస్తే ఏమవుతుందో దళారుల కాలంలో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎక్కడ తేడా వచ్చినా ట్రక్‌షీట్ మాట్లాడుతుంది.

పింఛన్ పైసలకు కూడా ఇదే పద్ధతి పెట్టారు. మీ బ్యాంకు పని మీ ఖాతాలో నుంచి తీసి పంపడం వరకే. ఆ సొమ్మును బ్యాంకు తన దగ్గర పెట్టుకోదు. పెట్టుబడి పెట్టేది ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐల పింఛన్ ఫండ్ కంపెనీలు, అదీ ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలో. ఎవరు ఎంత కట్టారో లెక్క రాసేది వేరే సంస్థ, దాని పేరు ప్రోటియన్, ఇదివరకు ఎన్‌ఎస్‌డీఎల్ అనేవాళ్లు. కొన్న బాండ్లు, షేర్లు వీళ్లెవరి పేరు మీదా ఉండవు. 2008లో పెట్టిన ఎన్‌పీఎస్ ట్రస్టు మీ తరఫున వాటిని పట్టుకుని ఉంటుంది. అంటే రేపు ఫండ్ కంపెనీ దివాళా తీసినా, దాని అప్పులవాళ్లు వచ్చి మీ సొమ్ము మీద చెయ్యి వెయ్యలేరు. అది ఆ కంపెనీ ఆస్తి కాదు.

వీళ్లందరి మీద పెత్తనం చేసేది ఢిల్లీలోని పీఎఫ్ఆర్‌డీఏ. పింఛన్ నిధుల నియంత్రణ సంస్థ అన్నమాట. 2003లో తాత్కాలికంగా పెట్టారు, 2013లో పార్లమెంటు చట్టం చేసి పూర్తి అధికారాలు ఇచ్చింది. లైసెన్సు ఇచ్చేది అదే, తనిఖీ చేసేది అదే, తప్పు చేస్తే జరిమానా వేసేదీ అదే. మీరు ఆ ఆఫీసు గడప ఎప్పుడూ తొక్కకపోవచ్చు. కానీ మీ ప్రాన్ నంబరు ఆ వ్యవస్థలో మీ ట్రక్‌షీట్ లాంటిది. 12 అంకెలు. చేరినప్పుడు ఇస్తారు. మీ దగ్గర లేకపోతే ఈ వారమే బ్యాంకుకు వెళ్లి రాయించుకోండి. ఆధార్ కార్డు వెనక కాగితం ముక్క మీద రాసి పెట్టుకున్నా సరే, ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. చాలామందికి తాము ఈ పథకంలో ఉన్నట్టే తెలియదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నాలుగు కాగితాల్లో ఒకటి ఇదై ఉంటుంది, సంతకం పెట్టి ఉంటారు. పాస్‌బుక్ ప్రింట్ వేయించి చూడండి. ప్రతి నెలా లేదా మూడు నెలలకు ఒకసారి ఒకే మొత్తం కట్ అవుతుంటే అది పింఛన్ కావచ్చు. మే నెలాఖరులో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయితే అవి పింఛన్ కాదు, బీమా. 436ది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇచ్చే జీవన్ జ్యోతి. 20ది ప్రమాద బీమా. ఆ రెండింటి సొమ్ము తిరిగి రాదు. కానీ ఇంట్లో ఎవరైనా చనిపోతే ఈ బీమా ఉందని తెలియక అడగని కుటుంబాలున్నాయి, కాబట్టి పాస్‌బుక్ చూసేటప్పుడు అవీ చూడండి.

ఖాతాలో డబ్బులు లేక కొన్ని నెలలు కట్ కాకపోతే భయపడకండి. ఆలస్యానికి కొద్దిగా అదనం పడుతుంది, బాకీ కట్టేసి కొనసాగించవచ్చు. 60 ఏళ్లకు ముందే మానుకుంటే మాత్రం మీరు కట్టింది, దాని మీద వచ్చిన రాబడి, ఖర్చులు పోను ఇస్తారు. ప్రభుత్వ హామీ ఉన్న పింఛన్ పోతుంది. మానుకునే ఫారం మీరు ఖాతా ఉన్న బ్రాంచిలోనే ఇవ్వాలి. ఫోన్‌లో ఎవరో "మీ అటల్ పింఛన్ క్లోజ్ చేసి డబ్బులు వేస్తాం" అంటే అది మోసం. కట్టేవారు 60 లోపు చనిపోతే భార్య లేదా భర్త మిగతా ఏళ్లు కట్టి కొనసాగించవచ్చు, వద్దనుకుంటే జమ అయింది తీసుకోవచ్చు.

ఫిర్యాదు ఉంటే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఎన్‌పీఎస్ ట్రస్టుకు, అక్కడా కాకపోతే పీఎఫ్ఆర్‌డీఏ పెట్టిన ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అటల్ పింఛన్ టోల్ ఫ్రీ నంబరు 1800 110 069.

సన్న, చిన్నకారు రైతుల కోసం, అసంఘటిత కార్మికుల కోసం 2019లో మొదలైన రెండు కేంద్ర పథకాలు కూడా ఉన్నాయి. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 దాకా మీరు కడితే, అంతే సొమ్ము కేంద్రం కలుపుతుంది. 60 తర్వాత నెలకు 3,000. వీటి నిధి ఎల్‌ఐసీ దగ్గర ఉంటుంది.

అభయహస్తం గుర్తుందా?

సంఘాల్లో ఉన్న అక్కలకు గుర్తుండే ఉంటుంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. రోజుకు ఒక రూపాయి మహిళ కట్టాలి, ఒక రూపాయి ప్రభుత్వం కలుపుతుంది. ఏడాదికి 365కు 365. 60 దాటాక నెలకు కనీసం 500. కూలికి పోయే మహిళలు సంఘం మీటింగులో ముడుపు విప్పి కట్టిన పైసలు అవి. తర్వాత ఆసరా వచ్చి వెయ్యి ఇవ్వడంతో 500కు విలువ లేకుండా పోయింది, కట్టడం ఆగింది. "మా పైసలు పోయినట్టేనా?" అని ఎన్నో మీటింగుల్లో అడిగారు.

పోలేదు. ఆ పథకానికి చట్టం ఉంది, సొమ్ము ఎల్‌ఐసీ దగ్గర, ఎవరి పేరు మీద ఎంతో లెక్కతో ఉంది. 2022లో ప్రభుత్వం ఆ సొమ్మును వడ్డీతో తిరిగి ఇస్తామని ప్రకటించింది. పథకం ఆగిపోయినా లెక్క బతికి ఉండబట్టే అది సాధ్యమైంది. మీరు అప్పట్లో కట్టి ఉంటే, మీ సొంత ఖాతాలో పడిందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి. కనబడకపోతే మండల సమాఖ్య ఆఫీసులో ఏపీఎంను కలవండి. సంఘం పేరు, అప్పటి ఖాతా నంబరు తీసుకుపోతే వెతకడం తేలిక. కట్టిన మహిళ చనిపోయి ఉంటే ఇంట్లోవాళ్లు అడగాలి.

మిల్లుకు, ఫ్యాక్టరీకి పోయేవాళ్లకు

మోతె నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లులకు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పనికి పోయేవారున్నారు. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. కాంట్రాక్టర్ కింద చేసినా ఉండాలి. మీ జీతంలో 12 శాతం పట్టుకుంటే యజమాని కూడా 12 శాతం కట్టాలి. ఆ యజమాని వాటాలో 8.33 శాతం పింఛన్ నిధికి పోతుంది. 1995 నవంబరు నుంచి ఈ పింఛన్ ఉంది. పదేళ్లు నిండితే 58 ఏళ్ల నుంచి నెలనెలా వస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. జీతాన్ని పనిచేసిన ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. 15,000 జీతం, 20 ఏళ్ల సర్వీసు అయితే నెలకు 4,285కు పైనే. జీతం ఎంత ఉన్నా లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు. అంత కష్టపడ్డవారికి ఇది చిన్న మొత్తమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ దీని అసలు విలువ వేరే చోట ఉంది. ఒక్క నెల చందా కట్టి ఉన్నా సరే, పనిలో ఉండగా చనిపోతే భార్యకు నెలకు కనీసం 1,000 రూపాయలు, పిల్లలకు వేరుగా పింఛన్ వస్తుంది. ప్రమాదం పనిచేసే చోటే జరగాలని లేదు. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆడవాళ్లు అడగరు. కాంట్రాక్టర్ తనంతట తాను చెప్పడు.

ఒక మిల్లు మాని ఇంకో మిల్లుకు పోయేటప్పుడు పీఎఫ్ మొత్తం తీసేసుకోవడం మనవాళ్లకు అలవాటు. పింఛన్ భాగం కూడా తీసేస్తే ఆ ఏళ్లు పోయినట్టే, మళ్లీ ఒకటి నుంచి లెక్క. అవసరం మరీ ఎక్కువైతే పీఎఫ్ తీసుకోండి, పింఛన్ సర్వీసు మాత్రం పాత యూఏఎన్ నంబరుతోనే కొత్త చోటికి మార్పించుకోండి. ఒక మనిషికి ఒకే యూఏఎన్ ఉండాలి. ప్రతి కాంట్రాక్టర్ కొత్త నంబరు తీస్తుంటే ఒప్పుకోవద్దు.

యజమాని మీ జీతంలో పట్టుకుని నిధికి కట్టకుండా ఉంటే అది నేరం. తెలుసుకోవడం సులువు. యూఏఎన్‌కు జోడించిన మీ ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి, చివరగా కట్టిన చందా ఎంతో మెసేజ్ వస్తుంది. ఆరు నెలల కిందటి లెక్కే కనబడుతుంటే పీఎఫ్ ఆఫీసు టోల్ ఫ్రీ 14470కి ఫోన్ చెయ్యండి.

కాపలా లేని చోటు

మా చిన్నమ్మ కథ చెబుతాను. ఆమెకు పిల్లల్లేరు. ముసలితనంలో ఎవరికీ భారం కావొద్దని రోజుకు ఇరవై రూపాయలు ఒక ఏజెంటుకు కట్టింది. ఏజెంటు పరాయివాడు కాదు, పక్క ఊరి చుట్టమే. గట్టి అట్ట కార్డు, దాని మీద ప్రతిరోజూ సంతకం. ఆరేళ్ల తర్వాత నెలనెలా వస్తుందన్నారు. ఐదో ఏడు కంపెనీ ఆఫీసు తాళం పడింది. ఏజెంటు కూడా మోసపోయినవాడే, సొంత పొలం అమ్మి కొందరికి ఇచ్చాడు. చిన్నమ్మకు అందలేదు. కార్డు మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది. నేను అప్పుడు జర్నలిజం చదువుతున్నాను. ఆ కార్డును తిప్పి తిప్పి చూశాను. సంతకాలు అన్నీ ఉన్నాయి. ఏ చట్టం కింద తీసుకున్నారో, ఎక్కడ రిజిస్టర్ అయిందో ఒక్క ముక్క లేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అగ్రిగోల్డ్ పేరు మీరు వినే ఉంటారు. విజయవాడ కేంద్రంగా నడిచి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బయటా సుమారు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయల దాకా సేకరించిన సంస్థ. 2014, 2015 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. ఆస్తులు జప్తు చేసి, కోర్టుల్లో తేల్చి, కొందరికి కొంత ఇప్పించడానికే ఏళ్లు పట్టింది. పదేళ్లు దాటినా ఆ వ్యవహారం సాగుతూనే ఉంది. తీసుకున్నదీ వాళ్లే, దాచిందీ వాళ్లే, భూములు కొన్నదీ వాళ్లే, లెక్క రాసిందీ వాళ్లే. ఐకేపీ ఉదాహరణ మళ్లీ గుర్తు చేసుకోండి.

ఇలాంటివాటి కోసమే 2019లో కేంద్రం ఒక చట్టం చేసింది. ఏ నియంత్రణ సంస్థ అనుమతీ లేకుండా జనం నుంచి డిపాజిట్లు తీసుకోవడమే నేరం. మోసం జరిగిందా లేదా అని చూడనక్కర్లేదు, తీసుకుంటేనే రెండు నుంచి ఏడేళ్ల జైలు. ఎగ్గొడితే ఇంకా ఎక్కువ. జప్తు చేసిన ఆస్తి మీద మిగతా అప్పులవాళ్ల కంటే ముందు డిపాజిటర్లకే హక్కు. సంఘాల్లో నెలనెలా పెట్టే పొదుపుకు ఈ చట్టంతో ఇబ్బంది లేదు. రిజిస్టర్ అయిన చిట్‌ఫండ్‌కు 1982 నాటి వేరే చట్టం ఉంది. ఊర్లో ఎవరో ఇంట్లో నడిపే చీటీకి మాత్రం ఏ రక్షణా లేదు. పాడుకున్నవాడు పారిపోతే పోలీసు కేసు తప్ప దారి ఉండదు.

బండి మీద వచ్చినవాడు "పింఛన్ స్కీమ్" అన్నప్పుడు రెండే ప్రశ్నలు వేయండి. "దీన్ని నియంత్రించేది ఎవరు? నా పేరు మీద నంబరు ఏది?" పింఛన్ అయితే పీఎఫ్ఆర్‌డీఏ లేదా పీఎఫ్ సంస్థ, బీమా అయితే హైదరాబాద్‌లోనే ఉన్న ఐఆర్‌డీఏఐ, డిపాజిట్ అయితే రిజర్వు బ్యాంకు. "మాది సహకార సంఘం, కేంద్రం రిజిస్ట్రేషన్ ఉంది" అని కాగితం చూపిస్తే దాని ఫొటో తీసుకుని రెండు రోజులు టైమ్ అడగండి. రిజిస్ట్రేషన్ ఉండటం, డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉండటం ఒకటి కాదు. సహారా వాళ్ల సహకార సంఘాలకూ రిజిస్ట్రేషన్ ఉండేది. వాటి డిపాజిటర్లకు తిరిగి ఇవ్వడానికి 2023లో సుప్రీంకోర్టు 5,000 కోట్లు కేటాయించమని చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది జూలైలో పెట్టిన పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి. మీ ఇంట్లో ఆ కాగితాలుంటే మీసేవకు తీసుకుపోయి అడగండి.

అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకునేవారి మీద రిజర్వు బ్యాంకు "సచేత్" పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యవచ్చు. పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వవచ్చు. కంపెనీ మూతపడేదాకా ఆగకండి. ఇలాంటివి ముందు చెబితేనే ఆస్తులు దొరుకుతాయి.

పింఛన్ పడే బ్యాంకు మునిగితే?

ఈ భయమూ ఉంది కొందరికి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అన్ని ఖాతాలూ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఈ పరిమితి. అంతకుముందు లక్షే. బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఆ బీమా సొమ్ము ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకూ ఈ బీమా ఉంటుంది. కానీ ఊర్లో ఉండే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి, అంటే మనం సొసైటీ అనేదానికి, ఈ బీమా వర్తించదు. అక్కడ డిపాజిట్ పెట్టినవాళ్లు ఇది తెలుసుకుని ఉండాలి. పోస్టాఫీసు పొదుపుకు నేరుగా కేంద్ర ప్రభుత్వమే పూచీ.

ఫోన్ వచ్చినప్పుడు

ఈ మధ్య పింఛనుదారులకు వచ్చే ఫోన్లు ఎక్కువయ్యాయి. "లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు, పింఛన్ ఆగుతుంది, ఓటీపీ చెప్పండి" అంటారు. లేదా ఏదో ఫైలు పంపి నొక్కమంటారు. మీ ముఖమో, వేలిముద్రో తీసుకునే పని మీ ఎదురుగా, మీరు వెళ్లిన ఆఫీసులో లేదా మీసేవలో జరుగుతుంది. ఫోన్‌లో ఓటీపీ అడిగి జరగదు. పైసలు పోతే అదే గంటలో 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చెబితే ఆ సొమ్మును దొంగ ఖాతాలోనే ఆపే వీలు అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఉండేవారే ఎక్కువ నష్టపోతున్నారు. బ్యాంకు వినకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448, తెలుగులోనూ మాట్లాడతారు.

చేయూత సమస్య ఊర్లో తేలకపోతే మోతె ఎంపీడీవో ఆఫీసు, అక్కడా కాకపోతే సోమవారం సూర్యాపేట కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీ తెల్ల కాగితం మీద రాస్తే చాలు. మీ పేరు, ఊరు, పింఛన్ ఐడీ, చివరిసారి ఏ నెలలో తీసుకున్నారు, ఎవరిని ఎప్పుడు అడిగారు, వాళ్లు ఏమన్నారు. ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు జతచేయండి, అసలు పత్రాలు ఇవ్వొద్దు. అర్జీ తీసుకున్నాక నంబరు ఉన్న రసీదు ఇస్తారు. అది లేకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు.